ఆ ఇంటి మగవాళ్లు

నలభై అయిదు కిలోల యూరియా మూటను సుమంగళ నెత్తికెత్తుకుంది. భర్త భీమేశ్ పక్కనే ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

"ఊరోళ్లు చూస్తున్నరు. సిగ్గయితుంది నాకు. ఒక దిక్కు నేను పట్టుకుంట," అన్నాడు.

"సిగ్గు పోతే పోనీ. పానం ఉండాలె. నువ్వు ముందర నడువు, నిదానంగ."

చేను చేరేసరికి సుమంగళ గట్టు మీద కూలబడింది. ఊపిరి అందక ఎగపోసింది. భీమేశ్ నీళ్ల సీసా అందించాడు. రెండు గుక్కలు తాగి, వెంటనే అతని ముఖంలోకి చూసింది. చెమట పట్టిందా, రంగు మారిందా అని. ఏడాదిగా ఆమెకు ఇదే పని.

ఏడాది కింద భీమేశ్ తమ్ముడు అంబరీశ్ బురదలో దిగబడిన ట్రాక్టరును నెడుతూ పడిపోయాడు. ముప్పై నాలుగేళ్లవాడు. రాయచూరు ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు, మూడో రోజు లేడు. అంతకు ముందు అన్న హనుమన్న, నలభై ఏళ్లకు. అంతకు ముందెప్పుడో వాళ్ల నాయన యంకప్ప, ముప్పై తొమ్మిదికి. ఆ ఇంటి మగవాళ్లు నలభై దాటి బతకరని ఊరు తేల్చేసింది. ఊరికేం, తేల్చడానికి ఎప్పుడూ తీరికే.

భీమేశ్‌కు ముప్పై ఎనిమిది నడుస్తోంది.

అంబరీశ్‌ను చూసిన డాక్టరు గురునాథ్ అప్పుడే చెప్పాడు. గుండె కండరం దళసరెక్కే జబ్బు అది. వంశంలో వస్తుంది. లోపం ఏ జన్యువులో ఉందో అంబరీశ్ రక్తంలో తేలింది. అదే లోపం మిగిలినవాళ్లలో ఉందేమో చూడాలి. ఉంటే బరువులెత్తకూడదు, పరుగెత్తకూడదు. గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది.

'ఉంటే' అన్న మాట సుమంగళ చెవికెక్కలేదు.

ఆ రోజు నుంచీ భీమేశ్‌ను పూచికపుల్ల ఎత్తనివ్వలేదు. మందు కొట్టే పంపు తనే వీపుకు తగిలించుకుంది. పత్తి బోరాలు తనే ఎత్తింది. ఎల్లమ్మకు ముడుపు కట్టింది, దర్గాలో చాదర్ వేసింది. ఇద్దరి దగ్గరా ఒకటే మొక్కు: నా ఆయుష్షు తీసి ఈయనకు వెయ్యండి. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, అంతకన్నా అడగడానికి ఆమెకేమీ తోచలేదు. మొక్కి లేచాక కూడా భయం తగ్గలేదు.

చివరికి భీమేశ్‌ను ఒప్పించి, కూతురు శ్రీనిధిని తీసుకుని రాయచూరు బస్సెక్కింది.

గురునాథ్ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కరి సంగతీ అడిగాడు. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు గీశాడు. చచ్చిపోయిన చదరాలకు అడ్డగీతలు పడ్డాయి.

"ఆ ఇంట్లో ఆడవాళ్లకు ఎవరికైనా?"

"ఆడోళ్లకు ఏం కాలే సార్. మొగోళ్లకే గీ తకలీఫ్."

"నీ పుట్టింట్లోనో?"

"మా నాయనకు అరవై దాటినయి. ఇప్పటికీ గొర్లు కాస్తడు."

"అమ్మ?"

"నా చిన్నప్పుడే పోయింది సార్. పోతనాళ దిక్కు నాట్లకు పోతే ఎండ కొట్టింది. మడిలనే పడిపోయింది."

ఎండదెబ్బ, అని రాసుకున్నాడు గురునాథ్. ఆడపిల్ల పెళ్లయి పోయాక ఆ చావు అత్తింటి లెక్కే అవుతుంది, పుట్టింటి లెక్కలోకి రాదు. అక్కడి మనుషులకు అది చెప్పాల్సిన సంగతే కాదు.

పాప రిపోర్టు సరిగా చదవాలంటే తల్లీతండ్రీ ఇద్దరివీ కావాలని, ముగ్గురి రక్తమూ తీయించాడు.

నెల తర్వాత రమ్మంటే మళ్లీ వచ్చారు. లిఫ్టు పనిచేయడం లేదు. రెండంతస్తులు. మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా భీమేశ్‌ను కూర్చోబెట్టింది. ఆరేళ్ల శ్రీనిధిని తనే చంకనేసుకుంది. పైకి చేరాక గోడకు ఆనుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ ఉంటే నర్సు అడిగింది.

"పేషెంటు ఎవరు?"

"ఆయన," అని భర్తను చూపించింది.

గురునాథ్ మొదటి కవరు చించాడు.

"భీమేశ్‌కు ఆ లోపం లేదు."

సుమంగళకు అర్థం కాలేదు. "అంటే ఏంది సార్?"

"అంటే ఆ జబ్బు ఇతనికి రాలేదు. రాదు కూడా."

"నలభై దాటుతడా?"

"ఆ జబ్బు వల్ల అయితే ఏ భయమూ లేదు. అన్ని పనులూ చేసుకోవచ్చు."

రెండో కవరు శ్రీనిధిది. "పాపకూ లేదు."

సుమంగళ నేల మీదే కూర్చుని ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పోయినప్పుడు కళ్లు తడవని భీమేశ్ ఇప్పుడు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇగ నిన్ను ఏ పని చెయ్యనియ్య," అన్నాడు ఆమె భుజం పట్టుకుని.

గురునాథ్ మూడో కవరు చించాడు. అది సుమంగళది. చదివాడు. అంబరీశ్ రిపోర్టు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలు పెట్టి మళ్లీ చదివాడు. రెండు కాగితాల్లోనూ వేలు ఒకే వరుస దగ్గర ఆగింది.

"అమ్మా, మీ అమ్మ ఎవరింటి ఆడపడుచు?" అని మెల్లగా అడిగాడు.

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఏడాది తర్వాత మొదటిసారి మనసారా నవ్వుతూ చెప్పింది సుమంగళ:

"వీళ్లింటి బిడ్డనే సార్, ఈయనకు సొంత పెద్దక్క మా అమ్మ."