బోణీ బేరం

"బోణీ అయిందా అమ్మాయ్?"

లక్ష్మీదుర్గ తలెత్తి చూసింది. తెల్ల టోపీ, నలిగిన జుబ్బా, ఎవరో ముసలాయన.

సత్తెనపల్లిలో ఆ నాలుగంతస్తుల షాపింగ్ మాల్ తెరిచి ఏడాదైంది. అందులో బోణీ అనే మాట ఎవరి నోటా వినలేదామె. మేనేజర్ ప్రేమ్‌చంద్‌కి తెలిసిందల్లా టార్గెట్టే. ఆమెకిచ్చిన జేబురుమాళ్ల కౌంటరేమో మెట్ల కింద మూల. అక్కడికెవరొస్తారు, ఆమె ఖర్మ కాకపోతే! ఈ నెల కూడా ఇంతే అయితే మానెయ్యమని ముందురోజే చెప్పేశాడు.

"ఎక్కడ తాతా! నిన్నట్నుంచీ ఈగలు తోలుకుంటున్నా."

"అయితే ఒక రుమాలియ్యి. నా చెయ్యి మంచిదంటార్లే."

బిల్లింగ్‌లో కట్టమన్నా వినలేదు. నోటు ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె కళ్లకద్దుకుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

చెయ్యి మంచిదో ఏమోగానీ, ఆ సాయంత్రమే పెళ్లివాళ్లొచ్చి డజన్లకొద్దీ రుమాళ్లు పట్టుకుపోయారు.

ఇక రోజూ షట్టర్ లేవగానే తాత హాజరు. ఒకే రుమాలు, చేతికే నోటు. కౌంటరు నిలబడింది, ఉద్యోగమూ నిలబడింది.

పక్క కౌంటరు భవ్య ఊరుకుంటేనా!

"రోజుకో రుమాలెందుకే ఆయనకి? ముసలాడి కన్ను నీ మీద పడింది" అని కిసుక్కున నవ్వింది.

ఆ మాట ఫ్లోరంతా పాకింది. ప్రేమ్‌చంద్ పిలిచాడు.

"ఆ ముసలాడు ఇంకోసారి ఇక్కడ కనబడితే, నువ్వూ కనబడవ్."

మర్నాడు తాత నోటు చాపాడు. అందరూ ఇటే చూస్తున్నారు. లక్ష్మీదుర్గకి తల కొట్టేసినట్టయింది.

"మీ వయసేంటి, మీరు చేసే పనేంటి? మళ్లీ ఇటు రాకండి!"

ఆ మాట నోటికెలా వచ్చిందో!

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఇంకా బోణీ కాలేదుగా అమ్మాయ్..." అని గొణిగి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

రెండ్రోజులు ఆమెకి తేలిగ్గానే ఉంది. ఆ తర్వాత షట్టర్ లేచినప్పుడల్లా కళ్లు గుమ్మం వైపే పోయేవి. ఆయన మళ్లీ రాలేదు.

మిరపకోతల రోజుల్లో ఒకావిడ సంచి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. నిండా రుమాళ్లు. ఒక్కదానికీ స్టిక్కరు ఊడలేదు.

"ఇవి మా నాన్నవమ్మా. మొహిద్దీన్ బాషా. పోయిన శుక్రవారం కాలం చేశారు. మెట్ల కింద దుర్గమ్మకిచ్చెయ్, మళ్లీ అమ్ముకుంటుందన్నారు."

లక్ష్మీదుర్గ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"వాడనే లేదే! మరి రోజూ ఎందుకు కొన్నారండీ?"

ఆవిడ గుమ్మం అద్దాల్లోంచి రోడ్డవతల మూసి ఉన్న షట్టరు చూపించింది. దాని నిండా ఈ మాల్ ఆఫర్ల పోస్టర్లే.

"అది ఆయన బట్టల కొట్టమ్మా. మీరొచ్చాక బోణీల్లేకే మూసేశారు. బోణీ కాకుండా కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు, ఆ పిల్లకొద్దు అనేవారు."