మార్ఫిన్ వద్దన్న మనిషి

కంపాలా ఆసుపత్రిలో, ఆపరేషను బల్లమీద పడుకున్న నమజ్జి మత్తుడాక్టరు చెయ్యి వదల్లేదు.

"నొప్పికని మార్ఫిన్ ఎక్కించకండి డాక్టరుగారూ. అదెక్కితే కేన్సరు తిరగబెడుతుందట."

"ఎవరు చెప్పారమ్మా?"

"మా బిరుంగి అక్క. ఆరేళ్ల కిందట ఆవిడ ఆపరేషనుకి మత్తిచ్చింది మీరేగా! మార్ఫిన్ వద్దన్నాను కాబట్టే బతికానంటుంది. ఇప్పుడు చూడాలి, అరటిగెల నెత్తినెత్తుకుని సంతంతా గడగడలాడిస్తోంది! నాకూ ఒట్టెయ్యండి."

కాదంటే ఆమె బల్ల దిగి వెళ్లిపోయేలా ఉంది. వెళ్లిపోతే రొమ్ములో గడ్డ ఆగదు.

"సరేనమ్మా, ఎక్కించను. ఒట్టు."

ఆమె మత్తులోకి జారగానే ఆయన సిరంజిలోకి మార్ఫిన్ తీశాడు. అది లేకుండా అంత కోతను ఒళ్లు తట్టుకోదు.

ఆరేళ్ల కిందట బిరుంగికీ ఇలాగే ఒట్టేసి, ఇలాగే ఎక్కించాడు. బిరుంగి చల్లగా బతికున్నన్నాళ్లూ ఆయనకు ఈ ఒట్లు తప్పవు.