నాన్న పేల్చని రివాల్వర్లు

చనిపోయిన తండ్రి సేకరించిన పాత రివాల్వర్లను తీసుకుపోదామని రస్, అమెరికాలోని మోంటానాలో ఉన్న ఆయన పశువుల క్షేత్రానికి వచ్చేసరికి, సవతి తల్లి అర్లీన్ కొట్టం వెనకాల వాటిని పేలుస్తోంది.

“ఆపు! నూట యాభై ఏళ్ల నాటివి. నాన్న ఒక్కసారైనా పేల్చలేదు!”

“మీ నాన్న నన్నూ అద్దాల బీరువాలో పెట్టి చూసుకుందామనుకున్నాడు. కుదిరిందా?” అంటూ ఆమె ఇంకోదానిలో మందు కూరింది.

“అవి నాకు రాసిపోయాడనేగా నీ ఏడుపు?”

“అవును. నీ మొహానికి ఇవి ఎక్కువే. దూరంగా జరుగు.”

రస్ లాక్కోబోయాడు. ఆమె మోచేత్తో పొడిచింది. గంధకం కంపుకొట్టే పొగలో ఒక్కొక్కటే పేల్చి, తుడిచి, పెట్టెలో సర్దుతోంది.

“మా పాపకి వీటితోనే గురి నేర్పుతానని నాన్న అంత్యక్రియల రోజునే చెప్పాను. అది విని కూడా వీటిని పాడుచేస్తున్నావా? నువ్వసలు మనిషివేనా?”

అర్లీన్ చివరిది పేల్చింది. ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది. గుళ్లు పెట్టే చక్రం చీలిపోయింది. ఆమె అరచేతి నుంచి రక్తం ధారగా కారింది.

 ఆమె మెడలోని రుమాలు విప్పి, పళ్లతో లాగి చేతికి బిగించి కట్టుకుంది. కాలితో పెట్టెను అతనివైపు తోసింది.

“పాత ఇనుము లోపల పగిలినా పైకి తెలియదు. ఈ పెట్టెలోవి మాత్రం పాప చేతికి ఇవ్వొచ్చు. తీసుకుని నా కళ్లముందు నుంచి పో.”