పాత ల్యాప్‌టాప్‌కి ఏది సరిపోతుంది?

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, సంపూర్ణమ్మగారిచ్చిన కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు సిద్ధార్థ. తెర మీద ఇసుక గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది.

"మెమరీ చాల్లేదండీ. రెండు ముక్కలు పట్టేచోట ఒకటే ఉంది. ఇంకోటి వేద్దామంటే ఈ పాతరకం బెజవాడలో ఎక్కడా దొరకట్లేదు."

"కొత్తది కొనుక్కోమని మాత్రం అనకు బాబూ," అన్నారు ఆవిడ భర్త తిరుపతిరావుగారు. "ఇదొచ్చాకే మా కాలేజీ పుంజుకుంది. సెంటిమెంటు. దీనికి సరిపడే సిస్టం ఏదో నువ్వే చూసి వెయ్యి. ఇది నడిచిందంటే కాలేజీ కంప్యూటర్లన్నీ నీ చేతిలో పెడతాను."

సిద్ధార్థకి ఆ మాట చాలు. గవర్నర్‌పేటలో పెట్టిన షాపులో ఈగలు తోలుకుంటున్నాడు. కాలేజీ పని దొరికితే నిలబడతాడు. లేదా, షట్టరు దించేసి ఉద్యోగాల వేటకి హైదరాబాదు బస్సెక్కాలి. అందుకేగా, ఈ ఇంటి సంగతి చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడిగించి మరీ పంపింది వాళ్ళమ్మ ఛాయాదేవి.

విండోస్‌లో విస్తా కొత్తగా వచ్చిన రోజులు. దాని ఊసే ఎత్తొద్దన్నాడు. ఎందుకని అడిగింది తిరుపతిరావుగారమ్మాయి అక్షయ.

"మెమరీ అంటే వంటగట్టు లాంటిదండీ. ఇంత గట్టు మీద పెళ్లివంట వండలేం కదా!"

అక్షయ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. పాపం, కంప్యూటర్ గాలి కూడా సోకని పిల్ల అనుకున్నాడు.

ముందు ఎక్స్‌పీనే హంగులన్నీ పీకేసి వేశాడు. వారం తిరక్కుండా ఫోన్, మళ్ళీ నత్తనడకేనని. లైనక్స్ వేశాడు. అది పరుగెత్తింది గానీ, "స్టార్ట్ బటనేది నాయనా?" అంటూ సంపూర్ణమ్మగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. అది తీసేసి విండోస్ తొంభై ఎనిమిది వేస్తే, పెన్‌డ్రైవ్ ఎవరో తనకి తెలియదంది.

వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరో ఒక చుట్టం. వేరే పనుల్లేనట్టు అందరూ అతని చుట్టూ చేరేవారు. ఉయ్యూరు నుంచి వచ్చిన అక్షయ మేనమామ బసవపున్నయ్య మరీను.

"సిగరెట్లు కాలుస్తావా బాబూ?"

"కాల్చనండీ. ఏం?"

"పొగకి కంప్యూటర్లు పాడవుతాయంటగా. అందుకని."

ఈయన తెలివి తెల్లారినట్టే ఉందనుకుని నవ్వు ఆపుకున్నాడు సిద్ధార్థ.

నిజానికి లోపల ఒళ్ళు మండిపోతోంది. ఊళ్ళో కంప్యూటర్లన్నీ మాట వింటున్నాయి, ఈ డొక్కు ఒక్కటే పరువు తీస్తోంది. అయినా పైకి ఒక్క మాట తూలలేదు. కాలేజీ కళ్ళముందు కదులుతోంది మరి.

"చేసిందే చేస్తుంటే మీకు విసుగు రాదా అండీ?" అంది అక్షయ ఓసారి.

"ఎందుకు రాదండీ? అరిస్తే బాగుపడేదైతే ఈపాటికి అరిచేవాణ్ణే."

ఆఖరికి మరీ తేలికపాటి లైనక్స్ ఒకటి వెతికి పట్టుకున్నాడు. ఓపిగ్గా కూర్చుని దానికి అచ్చం ఎక్స్‌పీ ముఖమే తగిలించాడు. అదే స్టార్ట్ బటన్, అదే పచ్చటి గుట్ట, అదే నీలాకాశం. సంపూర్ణమ్మగారికి తేడా తెలియలేదు. మీట నొక్కిన కాసేపట్లోనే లేచి కూర్చుంది ల్యాప్‌టాప్.

"గట్టివాడివోయ్! సోమవారం కాలేజీకి రా," అని భుజం తట్టారు తిరుపతిరావుగారు.

సిద్ధార్థ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నిటిని పరీక్షించి, సరైనదాన్ని ఎంచుకోవడమంటే మాటలా అనుకుంటూ, మీసం దువ్వుకుని స్కూటరెక్కాడు.

అతను సందు మలుపు తిరిగాక, అక్షయ బీరువాలోని పట్టుచీర మడతలోంచి రెండో మెమరీ ముక్క తీసి, ల్యాప్‌టాప్ తిరగేసి చకచకా బిగిస్తూ, "సరిపోతాడమ్మా, ఛాయాదేవి అత్తయ్యగారికి ఫోన్ చేసి ఇక పెళ్లిచూపులకి రమ్మను," అంది.