విప్పేసిన బొంత

"ఎలా ఉందమ్మా?" అంది కూతురు, గుమ్మంలోనే నిలబడి.

అమ్మ మంచం మీద పరిచిన బొంతను రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు, కొసపట్టి ఎత్తింది. ముక్కు చిట్లించింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది. మొదటిసారి కన్నా ఘోరంగా కనిపించింది.

"ఛీ! ఏమిటే ఇది? ఎవరు అంటగట్టారు నీకు?"

కూతురు చేతిలోని తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఎగ్జిబిషన్‌లో కొన్నాను. చేతిపనట," అంది చివరికి.

"చేత్తోనే కుట్టారటా? కాళ్ళతో కుట్టారేమో అడక్కపోయావా!"

అమ్మ ఉదయం బస్సు దిగి కూతురి ఇంట్లో అడుగుపెట్టి పావుగంట కాలేదు. పాత ప్యాంటు గుడ్డతో కుట్టుకున్న సంచి ఇంకా అమ్మ భుజానే ఉంది. ఆవిడ పొదుపు అలాంటిది. కర్టెన్ వెలిసిపోతే కూతురికి లంగా అయ్యేది, లంగా పొట్టిదైతే దిండు గలీబు అయ్యేది, గలీబు చిరిగితే మసిగుడ్డ అయ్యేది. మసిగుడ్డ కూడా చివికిపోతే గానీ ఆ గుడ్డకు ఆవిడ చేతిలోంచి విముక్తి ఉండేది కాదు.

ఆ పనంతా కూతురికి నేర్పాలని ఆవిడకు ఎంత ఆశో! పదేళ్ళ వయసులో ఆ పిల్ల చేతిరుమాలుకి అంచు కుట్టి తెచ్చింది. బాగాలేదని అమ్మ ఒక్క లాగు లాగి విప్పేసింది. మళ్ళీ కుట్టి తెచ్చింది, మళ్ళీ విప్పేసింది. మూడోసారి ఇరుగుపొరుగు ఆడవాళ్ళ ముందే విప్పేసింది. ఆ తర్వాత ఆ పిల్ల సూది ముట్టుకుంటే ఒట్టు. "దానికి ఓపిక లేదు, నా చేతి విద్య నాతోనే పోతుంది" అని అమ్మ కనిపించినవాళ్ళందరి దగ్గరా ఇప్పటికీ వాపోతూనే ఉంటుంది. ఆవిడకున్న దిగులల్లా అదొక్కటే.

వంటింట్లోకి వచ్చాక కూతురి కుడిచెయ్యి ఆవిడ కంటపడింది.

"వేళ్ళకి ఆ ప్లాస్టర్లేమిటే, మూడింటికి?"

"కూరలు తరుగుతుంటే తెగిందిలే."

"ఇంకా ఎడంచేత్తోనే తరుగుతున్నావా? తెగక ఏం చేస్తుంది! కత్తి పట్టుకోవడమూ రాదు, సూది పట్టుకోవడమూ రాదు. నా కడుపున ఎలా పుట్టావో."

కూతురు నవ్వబోయి ఊరుకుంది. ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు మాత్రం అడిగింది.

"రాత్రికి ఆ బొంత కప్పుకుంటావా అమ్మా? వెచ్చగా ఉంటుంది."

"నేనా? అది ఒంటికి తగిలితే నాకు కంపరం పుడుతుంది!"

"సరే, నీ ఇష్టం," అని కూతురు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

అమ్మ కాసేపు పడుకుందామనుకుంది. పక్కన ఆ బొంత ఉండగా కంటిమీద కునుకు ఎలా వస్తుంది? లేచి కిటికీ దగ్గరకు ఈడ్చుకుపోయింది. వెలుగులో దాని బండారమంతా బయటపడింది. ఒక కుట్టు ఆవగింజంత, పక్కది చింతగింజంత. దారం ముళ్ళు పైకే తేలి ఉన్నాయి. ఇక అంచు మడిచి కుట్టిన హెమ్మింగ్ మరీ అన్యాయం. కుట్లన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. లోకంలో ఎక్కడైనా కుట్లు అటు వాలతాయా? అది చాలదన్నట్టు అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు.

"యాక్! ఏం తిని తుడుచుకున్నారో మహాతల్లులు!"

ఇలాంటి దరిద్రం తన కూతురి ఇంట్లో ఉండడమా? సంచిలోంచి బొత్తాల డబ్బా తీసి, అందులోని బ్లేడు ముక్క పట్టుకుని కూర్చుంది. ముప్పై ఆరు ముక్కలు. ఒక్కొక్క కుట్టూ తెగుతుంటే ఆవిడ ప్రాణం తేలికపడింది. విప్పిన దారాన్ని కూడా పారేయకుండా అట్టముక్కకు చుట్టింది. ముక్కలన్నీ సబ్బు పెట్టి రుద్ది, ఆరేసి, సాయంత్రానికి ఇస్త్రీ చేసి దొంతర పెట్టింది.

కూతురు వస్తూనే మంచం వైపు చూసింది.

"బొంత ఏదమ్మా?"

"ఇదిగో. ఆ మరకలు వదిలించేసరికి నా చేతులు పడిపోయాయనుకో. నాలుగు రోజులు ఓపిక పట్టు, నేను కుట్టి ఇస్తాను. బొంతంటే ఏమిటో అప్పుడు చూద్దువుగాని."

కూతురు భుజాన ఉన్న బ్యాగు దించలేదు.

"మొత్తం విప్పేశావా?"

"మరి చెత్తలో సగం దాచుకుంటామా?"

కూతురు మంచం అంచున కూలబడింది. అలసిపోయిందనుకుంది అమ్మ.

"ఊరికే కూర్చోకపోతే ఆ సూదిలోకి దారం ఎక్కించు. నా కళ్ళకి ఆనడం లేదు."

కూతురు ఒక్కసారికే ఎక్కించింది. అమ్మ చెయ్యి చాచింది. కూతురు సూది ఇవ్వలేదు. దొంతర మీది రెండు ముక్కలు ఒళ్ళోకి లాక్కుని, అంచు మడిచి, తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది.

"ఓసి, నీకేం వచ్చే! పాడుచేయకు, ఇలా తే!"

అమ్మ ఆ గుడ్డ లాక్కుని దీపం కిందకు తీసుకుపోయింది. అలవాటు కొద్దీ ఆవిడ బొటనవేలి గోరు మొదటి కుట్టు కిందకు దూరింది. అక్కడే ఆగిపోయింది.

ఆ నాలుగు కుట్లూ ఎడమవైపుకి వాలి ఉన్నాయి.