ఆనాటి కడుపునొప్పి

హుంగే చిలగడదుంపల చెక్కు తీస్తోంది. వంటిల్లు తనది కాదు, కల్యాణిది.

కల్యాణికి మలేరియా. నాలుగో రోజుకు జ్వరం దిగింది గాని నోటి చేదు పోలేదు. కిచిడీ పెడితే పక్కకు నెట్టేసింది. రొట్టె ముట్టలేదు. తోంగ్‌పాల్‌లో ఆమెకు నా అన్నవాళ్లెవరూ లేరు, రెండిళ్ల అవతల ఉండే హుంగే, ఆమె భర్త మాడ తప్ప.

“కోడిని కోసి చారు పెట్టు. లేచి కూసుంటది,” అన్నాడు మాడ పొద్దున.

“ఆ పిల్ల నీసు ముట్టదు. తెల్వదా ఏంది?” అంది హుంగే. తమ చేలో తవ్విన నాలుగు గడ్డలు, గుప్పెడు మసూర్ పప్పు కొంగున కట్టుకుని వచ్చేసింది.

పప్పు సగం ఉడికాక దుంప ముక్కలు వేసింది. రెండు టమాటాలు చిదిమింది. అల్లం, వెల్లుల్లి దంచి, జీలకర్రతో పోపు పెట్టింది. కారం మాత్రం చిటికెడే. వాసనకు కల్యాణి మంచం మీద లేచి కూర్చుంది.

“నా కోసం ఎందుకొదినా ఇంత శ్రమ?”

హుంగే పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

ఐదేళ్లుగా కల్యాణికి నీళ్లు మోసింది. కట్టెలు తెచ్చి పడేసింది. వాన కురిసే ఇంటికి మాడ చేత పెంకులు నేయించింది. ఎంత చేసినా లోపలి బరువు వీసమంత కూడా తగ్గలేదు.

అప్పట్లో మాడ, కల్యాణి భర్త హరిబాబు ఒకే యజమాని దగ్గర లారీ డ్రైవర్లు. ఆ రోజు చింతపండు లోడు జగదల్‌పూర్ తీసుకెళ్లాల్సిన వంతు మాడది. హుంగే పుట్టిల్లు భేజ్జిలో మామిడి పండగ కూడా ఆ రోజే. మొగుడు బండెక్కితే తను ఒక్కతే పోవాలి. అందుకని పొద్దున్నే పొట్ట పట్టుకుని చాప మీద పడింది. నిజానికి ఆమెకు ఏ నొప్పీ లేదు. మాడ కంగారుపడి హరిబాబుకు ఫోన్ చేశాడు. అటునుంచి చాలాసేపటికి గాని ఫోన్ తీయలేదు. తీశాక, “సరే, వస్తున్నా,” అన్నాడు హరిబాబు. పావుగంటలో బండి తీశాడు.

గంట తర్వాత హుంగేకు నొప్పి తగ్గింది. మొగుడూ పెళ్లాం పండక్కి వెళ్లారు. డోలు మోగుతుండగా కబురొచ్చింది. ఘాట్ దిగుతుంటే బ్రేకులు పడక లారీ లోయలో పడింది. హరిబాబు అక్కడికక్కడే పోయాడు.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు కల్యాణి ఏడవలేదు. అంత ఎండలోనూ మెడ చుట్టూ కొంగు చుట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లకు మతి పోయిందనుకున్నారు అందరూ.

దినాలు కాగానే సొంతూరు నర్సీపట్నం వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు. కుట్టుమిషన్ పెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. గోడ మీద భర్త ఫొటో పెట్టుకోలేదు. చూసి తట్టుకోలేదు పాపం, అనుకుంది హుంగే. మిషన్ తొక్కుతూ పాటలు పాడేది. దుఃఖాన్ని అలా మింగుతోంది, అనుకుంది. ఏటా మామిడి పండగకు హుంగే కోసం కొత్త జాకెట్టు కుట్టి తెచ్చేది కల్యాణి. అది తొడుక్కున్న రోజల్లా హుంగేకు ఒళ్లంతా మంటే.

ఈ సంగతి మాడకు కూడా తెలియదు. ఆ రోజు పెళ్లానికి నిజంగానే నొప్పి వచ్చిందనే అతను ఇప్పటికీ నమ్ముతున్నాడు.

హుంగే వేడి అన్నంలో కూర కలిపి కంచం కల్యాణి చేతికిచ్చింది. ఒక ముద్ద తింది కల్యాణి. ఇంకో ముద్ద తింది. నాలుగు రోజుల తర్వాత ఆమె ముఖంలోకి కాస్త కళ వచ్చింది.

“నోటికి హితవుగా ఉందొదినా. మా అమ్మ ఉన్నా ఇంతే చేసేది.”

అమ్మ అనేసరికి హుంగే ఇక ఆపుకోలేకపోయింది. మంచం పక్కన నేల మీద కూలబడింది.

“నన్ను అట్ల అనకు కల్యాణీ. నీ మొగుణ్ని చంపింది నేనే.”

కల్యాణి చెయ్యి కంచంలోనే ఆగింది.

“ఆ దినం నాకు కడుపునొప్పి లేదు. పండక్కి పోవాలని అబద్ధం జెప్పిన. ఆ బండి మా ఆయన తోలాల్సింది. నా దొంగ నొప్పికి నీ మొగుడు పోయిండు. ఐదేండ్ల సంది జెప్పాలె జెప్పాలె అనుకుంటున్న. నోరు రాలే.”

పొయ్యి మీద మిగిలిన కూర సన్నగా కుతకుతలాడుతోంది.

“ఏమన్నా అను. తిట్టు. ఆ కంచం తీసి నా మొకాన కొట్టు,” అంది హుంగే.

కల్యాణి తిట్టలేదు. కంచంలో ఉన్నదంతా మెల్లగా, మెతుకు మిగలకుండా తింది. చెయ్యి కడుక్కుంది. మంచం దిగి వచ్చి హుంగే పక్కనే నేల మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వినీవినపడనట్టు అంది.

“ఆ పొద్దున మాడ అన్నయ్య ఫోను మోగేసరికి, వదినా, ఆయన చేతులు నా పీక నులుముతున్నాయి.”