నడుం పైకెక్కిన గౌను

"ఇది గౌనా, నైటీయా?"

సౌజన్య ఆ తెల్లటి గౌనును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి చూపించింది. యానాం మెట్టకూరులోని ఫిలోమినా కుట్టుకొట్టు ముందు ఆమె కారు ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది.

"మీరిచ్చిన బొమ్మలో ఉన్నట్టే కుట్టానండి," అంది ఫిలోమినా. "నడుం గుండెల కిందకే రావాలన్నారు. అక్కణ్ణుంచి పాదాల దాకా తిన్నగా జారాలన్నారు."

"జారాలన్నాను, వేలాడమన్లేదు. రెండొందల ఏళ్ల కిందట ఇంగ్లండు దొరసానుల ఫ్యాషనమ్మా ఇది! రీజెన్సీ అంటారు. నీకేం తెలుస్తుందిలే. ఆదివారం పార్టీకి అందరూ ఆ కాలం డ్రెస్సుల్లోనే వస్తారు. నేను దీన్నేసుకెళ్తే పాలపేకెట్టు కోసం వీధిలోకొచ్చాననుకుంటారు."

ఫిలోమినాకు ఒళ్లు మండింది. ఆ దొరసానులకైనా తాము ఏం తొడుక్కుంటున్నారో తెలిసే ఉంటుంది. ఈవిడకు ఫోన్లో బొమ్మ తప్ప ఇంకేమీ తెలియదు. పలచటి మల్లు బట్ట చిరిగిపోతుందని మిషను ముట్టుకోకుండా తను పది రోజులు చేత్తో కుట్టింది. బుట్టచేతులకు సన్నటి కుచ్చులు పెట్టింది, అంచంతా తెల్లదారంతో తీగ అల్లింది. సౌజన్య ఆ తీగ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఓసారి తొడుక్కుని చూడండి. ఒంటిమీద పడితేగానీ దీని అందం తెలీదండి."

"ఈ కొట్లోనా?" సౌజన్య చుట్టూ చూసి ముక్కు చిట్లించింది. "జాకెట్లు కుట్టుకునేదానికిచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. కాకినాడలో ఒక డిజైనరున్నారు. ఆవిడ చెయ్యి పడితే ఆ లెక్కే వేరు. ఇప్పుడే ఆర్డరిస్తాను."

"మరి దీన్నేం చెయ్యమంటారండి?"

పది రోజుల కష్టం గంగలో కలిసినట్టే. యానాం మొత్తమ్మీద ఇలాంటి గౌను ఇంకెవరు తొడుక్కుంటారు?

"నువ్వే ఉంచుకో. తొడుక్కుని చేపల బజారుకెళ్లు."

కొలతల కాగితం లాక్కుని సౌజన్య కారెక్కింది. ఆ కాగితం చూసుకుంటూ, ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడింది. ఆ తర్వాత కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

"ఓహో, దొరసాని గారు!" అనుకుంటూ ఫిలోమినా గౌను మడతపెడుతుంటే ఫోను మోగింది.

కాకినాడ బొటీకు నుంచి వీణ. బొమ్మలు గీసేది వీణ, కుట్టేది ఫిలోమినా. నాలుగేళ్లుగా ఆ సంగతి ఇద్దరూ మూడో మనిషికి చెప్పలేదు.

"అక్కా, అర్జెంటు పనొచ్చింది. ఎవరో పెద్దింటావిడ ఇప్పుడే ఫోన్ చేసింది. తెల్ల మల్లు గౌను, నడుం గుండెల కిందకి. మీ ఊళ్లోనే ఎవరో పాడుచేశారంట పాపం. కొలతలు రాసుకో. ఛాతీ ముప్పయ్యారు..."

"పొడుగు యాభై నాలుగు, చేతులు తొమ్మిది," అంది ఫిలోమినా.

"నీకెలా తెలుసు?" అంది వీణ. "సరేగానీ, శనివారానికి అయిపోద్దా అక్కా?"

ఫిలోమినా కళ్లజోడు సర్దుకుని సూదిలోకి దారం ఎక్కించింది.

"గౌను ఎప్పుడో అయిపోయిందమ్మా. మీ లేబులొక్కటే కుట్టాలి."